షెడ్డులో ఏళ్లుగా నిలిచిపోయిన పాత కారును మళ్లీ రోడ్డెక్కించడం ఎలా? తొలి పరిశీలన నుంచి తొలి ర్యాలీ దాకా

తాతగారి ఫియట్ పదిహేనేళ్లుగా కదల్లేదని, వచ్చే చలికాలంలో జరిగే ర్యాలీకి దాన్ని తీసుకువెళ్లాలంటే ఏం చేయాలని అడిగేవారు హైదరాబాదులో ఏటా పెరుగుతున్నారు. అడిగేవారిలో చాలామంది అప్పటికే కొత్త బ్యాటరీ కొని, సెల్ఫ్ కొట్టి, ఏదో ఒక చప్పుడు విని, ఆ తరువాత సలహా కోసం వస్తున్నారు. అప్పటికి ఇంజిన్ లోపల ఒక పిస్టన్ రింగో, వాల్వును కదిపే ఒక పుష్ రాడో పోయి ఉంటుంది.

ఈ మార్గదర్శిలో ఒక క్రమం ఉంది, దాన్ని తారుమారు చేయవద్దని నా మనవి. కారును ఆపగలిగిన తరువాతే నడపాలి కాబట్టి, బ్రేకుల పని ఇంజిన్ పనికి ముందు వస్తుంది. ఇంజిన్ చప్పుడు వినాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది. అయితే ఇంజిన్ ఒకసారి పలికితే కారును గేటు దాటించకుండా ఉండగలిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

మన ఊరి షెడ్లలో ఎక్కువగా ఉన్నవి 1089 సీసీ ఇంజిన్ గల ఫియట్ 1100, ప్రీమియర్ పద్మిని, 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ గల అంబాసిడర్ కాబట్టి ఉదాహరణలు వాటి నుంచే తీసుకున్నాను. మిగిలిన పాత కార్లకూ క్రమం ఇదే. కొలతలకు మాత్రం ఆయా కారు మాన్యువలే ప్రమాణం.

1. మొదటి వారం: తాళం చెవి జేబులోనే ఉంచండి

మొదటి రోజు చేయవలసింది చూడటం, ఫోటోలు తీయడం మాత్రమే. తుడవకముందే, ఏదీ కదపకముందే బానెట్ లోపల, డాష్‌బోర్డు కింద, చక్రాల వెనుక, డిక్కీలో కనీసం వంద ఫోటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఏ హోస్ పైపు ఏ క్లిప్పుతో ఉందో మూడు నెలల తరువాత మీకూ గుర్తుండదు, మీ మేస్త్రీకీ గుర్తుండదు.

తరువాత ఎలుకల కోసం వెతకండి. ఎయిర్ క్లీనర్ డబ్బా, సైలెన్సర్ గొట్టం చివర, వెనక సీటు స్ప్రింగులు, డాష్‌బోర్డు వెనుక వైర్ల గుత్తి వాటికి ఇష్టమైన చోట్లు. ఎయిర్ క్లీనర్‌లో గూడు ఉన్నదని తెలియకుండా ఇంజిన్ తిప్పితే ఆ చెత్త అంతా కార్బొరేటర్‌లోకి పోతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, టార్చి పట్టుకుని, ముందు కర్రతో కదిపి చూడండి. శివార్ల ఇళ్లలోని షెడ్లలో పాములూ ఉంటాయి.

కారు అపార్టుమెంటు సెల్లారులో నిలిచి ఉంటే మరొక ప్రశ్న అడగాలి: అక్కడికి ఎప్పుడైనా నీళ్లు వచ్చాయా? 2020 అక్టోబరు వానలకు మన నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి, ఆ తరువాత కడిగి తుడిచి అలాగే వదిలేసిన కార్లు ఇంకా ఉన్నాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీరు లోపలికి చేరిందని అర్థం. అలాంటి ఇంజిన్‌ను విప్పకుండా తిప్పే ప్రశ్నే లేదు.

మొదటి పరిశీలనలో రాసుకోవలసినవి:

- డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం, రంగు
- రేడియేటర్‌లో నీరు ఉందా, ఉంటే తుప్పు రంగా
- పెట్రోలు ట్యాంకు మూత తీసినప్పుడు వచ్చే వాసన (వార్నిష్ వాసన వస్తే పెట్రోలు పాడైనట్టే)
- నాలుగు చక్రాల లోపలి వైపు తడి మరకలు
- నేల రేకులు, డోర్ల అడుగు, జాక్ పెట్టే చోట్ల తుప్పు
- హ్యాండ్ బ్రేకు దించాక కారు చేత్తో నెడితే కదులుతుందా

కదలకపోతే తాడు కట్టి లాగకండి. చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములకు, వాటిని లోపలి నుంచి అదిమి ఆపే బ్రేకు షూలు అంటుకుపోయి ఉంటాయి, లాగితే షూ మీది లైనింగు ఊడి వస్తుంది. ఉన్నచోటనే డ్రమ్ములు విప్పాలి.

2. కాగితాలు: రూపాయి ఖర్చు పెట్టకముందే

బండి బాగు చేసి, రంగు వేయించి, ఆ తరువాత ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు వేరని తెలుసుకున్నవారు ఉన్నారు. అందువల్ల ముందు ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును గుడ్డతో తుడిచి, వాటి మీద సన్నని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ అచ్చును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఇంజిన్ ఎప్పుడో మార్చి, కాగితాల్లో ఎక్కించని బళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

కారు చనిపోయిన తాతగారి పేరునో తండ్రిగారి పేరునో ఉంటే వారసులు ఫారం 31 ద్వారా యాజమాన్యం మార్చుకోవాలి. ఇంట్లో ఇతర వారసులు ఉంటే వారి సమ్మతి పత్రాలు ఇప్పుడే తీసుకోండి. కారు తుప్పు పట్టి ఉన్నప్పుడు ఎవరికీ అభ్యంతరం ఉండదు. మెరిసిన తరువాత అందరికీ బాల్యం గుర్తుకు వస్తుంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. క్లబ్బుల వాడుకలో వింటేజ్ అంటే సాధారణంగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి, తరువాతివి క్లాసిక్. చట్టం లెక్క వేరు. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021 జులైలో జరిగిన సవరణ ప్రకారం, 50 ఏళ్లు దాటి, వాణిజ్య వాడకంలో లేకుండా, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మూలరూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ర్యాలీలో క్లాసిక్ వరుసలో నిలబడే 1970ల తొలినాళ్ల ఫియట్ చట్టం దృష్టిలో వింటేజ్ అయ్యే వీలు ఇలా వచ్చింది.

దరఖాస్తు ఫారం 20లో, పరివాహన్ పోర్టల్ ద్వారా చేయాలి. బీమా పాలసీ, పాత ఆర్సీ, దిగుమతి చేసుకున్న బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ పత్రం) జతపరచాలి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు, ఆ తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. తనిఖీ తరువాత ఫారం 23ఎ రూపంలో ధ్రువపత్రం 60 రోజుల్లో ఇవ్వాలని నియమం. ఇదివరకే నమోదైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. కొత్తగా నమోదయ్యేవాటికి రాష్ట్ర సంకేతం తరువాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి.

అయితే ఈ నమోదు తీసుకున్న కారును రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు వంటి అవసరాలకే అనుమతి. ఆదివారం పొద్దున పిల్లలను ఎక్కించుకుని అలా ట్యాంక్‌బండ్ దాకా వెళ్లి రావడమే మీ కోరిక అయితే, వింటేజ్ నమోదు జోలికి పోకుండా మామూలు ఆర్సీనే ఫిట్‌నెస్ తనిఖీతో ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవడం మేలు. నేను అదే చేశాను.

బీమాలో థర్డ్ పార్టీ తప్పనిసరి. సొంత నష్టానికి కూడా బీమా తీసుకునేటట్టయితే కారు విలువను ముందే ఒప్పుకుని రాసుకునే పద్ధతి ఉందేమో కంపెనీని అడగండి. మామూలు తరుగుదల లెక్కలో మీ కారు విలువ పాత ఇనుము ధరకు దగ్గరగా ఉంటుంది.

3. సామాను సేకరణ: ఇనుము పాతది మేలు, రబ్బరు కొత్తది మేలు

రాణీగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లో పద్మిని, అంబాసిడర్ సామాను ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది. పేరు చెప్పి అడగడం కంటే పాత భాగాన్ని శాంపిల్‌గా పట్టుకువెళ్లడం మంచిది. ఒకే కారులో ఏడాదికొక రకం మార్పులు జరిగాయి, దుకాణదారుకు కళ్లతో చూస్తే తెలిసేది మాటలతో తెలియదు.

సీలు తీయని పాత ప్యాకెట్ చూపించి అసలైన కంపెనీ సరుకని చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆగండి. బేరింగు, గేరు, రాకర్ షాఫ్టు వంటి ఇనుప భాగాలైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. బ్రేకు కిట్టు, హోస్ పైపు, పెట్రోలు పంపు లోపలి డయాఫ్రం వంటి రబ్బరు సామాను అయితే వద్దు. ముప్ఫై ఏళ్లుగా ప్యాకెట్‌లో ఉన్న రబ్బరు, ముప్ఫై ఏళ్లుగా మీ కారులో ఉన్న రబ్బరు అంత ముసలిదే. అద్దం, చిహ్నం, డోర్ హ్యాండిల్ వంటి చిన్న సామానుకు ఎర్రగడ్డ ఆదివారం సంతలో అదృష్టం పరీక్షించుకోవచ్చు, కాని జాబితా రాసుకుని వెళ్లండి. లేకపోతే అవసరం లేనివే ఎక్కువ తెచ్చుకుంటారు.

4. బ్రేకులు: ఈ పనిలో తొందర కుదరదు

బ్రేకు వ్యవస్థలో మొదట చెడేది రబ్బరు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లోనూ, చక్రాల దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్లలోనూ ఉండే బకెట్ వాషర్లు ఎండి గట్టిపడతాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఆ తేమ సిలిండర్ లోపలి గోడకు తుప్పు పట్టిస్తుంది. మొదటి రెండు రోజులు పెడల్ బాగానే ఉన్నట్టు అనిపించి, మూడో రోజు ఆ గరుకు మీద వాషర్ చిరిగి, పెడల్ నేలకు దిగిపోతుంది. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే లైను కాబట్టి ఒకచోట కారితే నాలుగు బ్రేకులూ పోతాయి. అందువల్ల ఆయిల్ నింపి, గాలి తీసి, పనిచేస్తోందని సంతోషించడం బ్రేకు పని కిందకు రాదు.

క్రమం ఇది.

మొదట, కారును జాక్ మీద ఎత్తి స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఎప్పుడూ వద్దు. అవి చెప్పకుండా పగులుతాయి. ఎత్తని చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టండి.

రెండు, డ్రమ్ములు విప్పండి. ముందుగా షూల బిగింపు మార్చే అడ్జస్టర్‌ను పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. ఇనుప సుత్తితో అంచు మీద కొడితే పోత ఇనుము పగులుతుంది. లోపలి దుమ్మును నోటితోగాని గాలి పైపుతోగాని ఊదకండి. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి.

మూడు, వీల్ సిలిండర్లు విప్పి లోపల వేలు పెట్టి చూడండి. మరక మాత్రమే ఉంటే సన్నని నీటి ఎమరీ కాగితంతో పోతుంది. వేలికి గుంటలు తగిలితే ఎమరీతో కుదరదు. సిలిండర్ మార్చాలి, దొరకకపోతే లేత్ పని తెలిసినవారి దగ్గర లోపల స్లీవ్ వేయించాలి. మాస్టర్ సిలిండర్‌కూ ఇదే వర్తిస్తుంది.

నాలుగు, రబ్బరు హోస్ పైపులన్నీ మార్చండి, పైకి ఎంత బాగున్నా సరే. ఇవి లోపల ఉబ్బి దారి మూసుకుంటాయి; తొక్కినప్పుడు కాలి ఒత్తిడికి ఆయిల్ పోతుంది, వదిలినప్పుడు తిరిగి రాదు. ఒక చక్రం పట్టుకుని వదలకపోవడానికి, కారు ఒక పక్కకు లాగడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇనుప పైపులను గుడ్డతో తుడిచి, తుప్పు తిన్నచోట గోటితో గీకి చూసి, అనుమానం ఉంటే మార్చండి.

ఐదు, శుభ్రం చేయడానికి పెట్రోలు, డీజిల్, కిరోసిన్ వాడకండి. వాటి జాడ మిగిలినా కొత్త వాషర్లు ఉబ్బుతాయి. కొత్త బ్రేకు ఆయిల్‌తోనే కడగండి. ఏ రకం ఆయిల్ అన్నది మాన్యువల్ చెప్పినట్టే వాడాలి, రెండు రకాలు కలపకూడదు. ఒక గ్యారేజీలో నా కారుకు ఉన్న ఆయిల్ మీద వేరే రకం పోసి పంపారు. నెల తిరగకుండా నాలుగు చక్రాల వాషర్లూ జిగురై, మొత్తం పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఈ ఆయిల్ రంగు మీద పడితే పెయింటు లేస్తుంది కాబట్టి పక్కన ఒక మగ్గు నీళ్లు పెట్టుకోండి.

ఆరు, గాలి తీయండి, అంటే చక్రం దగ్గరి చిన్న స్క్రూ వదులు చేసి, పెడల్ తొక్కించి, పైపుల్లోని గాలి బుడగలను ఆయిల్‌తో పాటు ఒక సీసాలోకి పంపండి. మాస్టర్ సిలిండర్‌కు అన్నింటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడి చేతి స్టీరింగు కార్లలో ఆ క్రమం వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. సీసాలోకి వచ్చిన ఆయిల్‌ను తిరిగి పోయకండి.

చివరగా, పెడల్‌ను గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మెల్లగా దిగుతుంటే ఎక్కడో కారుతోంది. దిగకపోతే నాలుగు చక్రాల కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, రాత్రంతా వదిలేసి, తెల్లవారి మరకల కోసం చూడండి.

హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను విప్పి ఆయిల్ పట్టించి బిగించాలి. బంజారాహిల్స్ ఎత్తుల మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

5. ఇంజిన్: ముందు చేత్తో

ప్లగ్గులు నాలుగూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో వరుసగా పెట్టండి. ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల పలుచని ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. ఈలోగా ఇంజిన్ పైన ఉండే రాకర్ మూత విప్పి, వాల్వు స్ప్రింగుల మీద, వాల్వులను నొక్కే రాకర్ల మీద ఆయిల్ పోయండి. పాత ఇంజిన్ ఆయిల్ దింపి, ఫిల్టర్ మార్చి, మాన్యువల్ చెప్పిన గ్రేడు మినరల్ ఆయిల్ నింపండి. మన ఎండలకు 20డబ్ల్యు-50 ఈ ఇంజిన్లకు సరిపోతుంది. ఖరీదైన సింథటిక్ ఆయిల్ అవసరం లేదు, పాత సీళ్ల దగ్గర అది కారే అవకాశమే ఎక్కువ.

మూడో రోజు గేరు న్యూట్రల్‌లో పెట్టి, కారు ముందు నుంచి పెట్టే స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజిన్‌ను మెల్లగా తిప్పండి. ప్లగ్గులు లేవు కాబట్టి బరువు తెలియకూడదు. తిప్పుతున్నప్పుడు మరొకరు రాకర్ల వైపు చూడాలి: ఎనిమిది వాల్వులూ దిగి లేవాలి. ఒకటి దిగి లేవకపోతే అక్కడే ఆగండి. బలవంతం చేస్తే పుష్ రాడ్ వంగుతుంది. ఆ వాల్వు కాడ మీద ఆయిల్ పోసి, ప్లాస్టిక్ సుత్తితో తట్టి, ఒక రోజు ఆగి చూడాలి.

ఇంజిన్ అసలు కదలకపోతే టాప్ గేరులో పెట్టి, కారును ముందుకూ వెనక్కూ అంగుళం అంగుళం ఊపండి. వారం ఇలా చేసినా కదలకపోతే సిలిండర్ల పైన ఉండే హెడ్ విప్పడమే దారి. సెల్ఫ్ మోటారు బలంతో కదిలించాలని చూస్తే రింగులు విరుగుతాయి.

క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుపోవడం కూడా మామూలే. క్లచ్ పెడల్‌ను అదిమి, సీటుకు పెడల్‌కు మధ్య చెక్క ఆనించి రెండు మూడు రోజులు వదిలితే చాలావరకు ఊడుతుంది.

6. పెట్రోలు: పాతది చెత్త, కొత్తది వేరే రకం

ట్యాంకులో ఉన్నది ఒక్క చుక్క కూడా వాడవద్దు. దింపి, ట్యాంకు విప్పి, లోపల టార్చి వెలుగులో తుప్పు చూసి, రేడియేటర్ పనివారి దగ్గర కడిగించండి. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి రోజుల తరబడి ఉంటుంది. దానికి వెల్డింగు చేయిస్తామని ఎవరైనా అంటే ట్యాంకు వెనక్కి తెచ్చేసుకోండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ కార్లు తయారైన కాలంలో అది లేదు. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు గోడల మీది పాత మడ్డిని కరిగించి ఫిల్టరులోకి తెస్తుంది. కాబట్టి పెట్రోలు రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చండి, పంపు డయాఫ్రం కొత్తది వేయండి, పంపుకు ముందు చిన్న పారదర్శక ఫిల్టరు పెట్టండి. మొదటి నెలలో ఆ ఫిల్టరు రెండు మూడు సార్లు మార్చవలసి వస్తుంది. కారు వాడనప్పుడు ట్యాంకు నిండుగా నెలల తరబడి ఉంచకండి.

కార్బొరేటర్ విప్పే ముందు మళ్లీ ఫోటోలు. పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలున్న జెట్లను తీగతో గుచ్చకండి, రంధ్రం పెద్దదైపోతుంది; క్లీనర్ పోసి గాలితో ఊదాలి. పెట్రోలు మీద తేలే ఫ్లోటును వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చినచోట చిల్లి ఉన్నట్టు.

7. నీళ్లు, కరెంటు

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు మన ఊళ్లో పాత కార్లను చంపినంతగా ఎండ కూడా చంపలేదు. ఆ ఉప్పు పొరలు పొరలుగా పేరుకుని దారి మూస్తుంది. రేడియేటర్‌ను తలకిందులుగా, ఇంజిన్ బ్లాకును విడిగా నీటితో కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి నింపండి. గడ్డకట్టే చలి మనకు లేకపోయినా, తుప్పు పట్టకుండా ఉండడానికి కూలెంట్ కావాలి. ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్‌ను తీసి పారేసే మేస్త్రీలు ఉన్నారు, అలా చేయనివ్వకండి. వేడినీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో చూసి, పాడైతే కొత్తది వేయించండి.

బ్యాటరీ కలిపే ముందు ఏ కొస బాడీకి కలిసి ఉందో చూడండి. బ్రిటిష్ మూలాలు గల పాత కార్లలో, తొలి అంబాసిడర్లతో సహా, పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉండేది. అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి కలిపితే రేడియో వంటివి క్షణంలో కాలిపోతాయి. బ్యాటరీ తీగకు మీటతో తీసివేసే కటాఫ్ స్విచ్ పెట్టించుకోండి. ఎలుకలు కొరికిన వైరు నిద్రపోతున్న ఇంటిని తగలబెట్టగలదు.

డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత తీసి, లోపల తెరుచుకుని మూసుకునే పాయింట్లను సన్నని ఎమరీతో శుభ్రం చేసి, గ్యాప్ సరిచేయండి. అంబాసిడర్‌లో అది దాదాపు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గు గ్యాప్ 0.6. పాయింట్లు మళ్లీ మళ్లీ నల్లబడుతుంటే తప్పు కండెన్సర్‌ది. ప్లగ్గు వైర్ల వరుస, అంటే సిలిండర్లు మండే క్రమం, 1-3-4-2.

8. మొదటి స్టార్టు

సెల్లారులో చేయకండి, బయటకు నెట్టి చేయండి. సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మూసిన చోట ప్రాణం తీయగలదు, దానికి రంగూ వాసనా ఉండవు.

- మంటలార్పే డబ్బా చేతికందే దూరంలో ఉందా
- ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ తిప్పినప్పుడు ఆయిల్ ప్రెషర్ గేజీ లేచిందా, లేక లైటు ఆరిందా
- కటాఫ్ స్విచ్ దగ్గర ఒక మనిషి నిలబడ్డాడా
- కార్బొరేటర్ చుట్టూ పెట్రోలు కారడం లేదు కదా

ప్లగ్గులు బిగించి స్టార్టు చేశాక, నాలుగైదు సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపండి. వస్తే, రేజు ఎక్కువ చేయకుండా ఇరవై నిమిషాలు నడవనివ్వండి. సిలిండర్లలో పోసిన ఆయిల్ కాలి తెల్లని నీలిపొగ వస్తుంది, పది నిమిషాల్లో తగ్గాలి. ఆ తరువాత కూడా తీపి వాసన గల తెల్లని ఆవిరి వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్‌కు పాత పెట్రోలు కార్లలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం లోపు ఉండాలి. కార్బొరేటర్ మిశ్రమం సరిచేస్తే ఇది సాధ్యమే.

9. టైర్లు, తొలి ప్రయాణాలు

టైరు గోడ మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2309 అంటే 2009వ సంవత్సరం 23వ వారం. పదేళ్లు దాటిన టైరు గీతలు ఎంత లోతుగా ఉన్నా మార్చాలి. ట్యూబులూ అంతే.

మొదటి రోజు కాంపౌండులో, తరువాత ఇంటి వీధిలో, ఆ తరువాత ఆదివారం తెల్లవారుజామున అయిదు పది కిలోమీటర్లు వెళ్లండి. ప్రతిసారీ తిరిగి వచ్చాక నాలుగు డ్రమ్ముల మీద చేయి పెట్టి చూడండి. ఒకటి మిగిలినవాటి కంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టుకుని ఉంది. వంద కిలోమీటర్లు పూర్తయ్యాక ఆయిల్ మార్చి, చక్రాల నట్లు, హెడ్ నట్లు మాన్యువల్ చెప్పిన బిగింపుకు సరిచూడండి. అంతవరకు ఔటర్ రింగ్ రోడ్డు, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వద్దు. అక్కడ పక్కకు దిగే దారులు తక్కువ, చుట్టూ ఉన్న బళ్ల వేగం మీ బ్రేకులకు తగినది కాదు.

ఎదురయ్యే ఇబ్బందులు, సర్దుబాట్లు:

- వేడిలో ట్రాఫిక్‌లో ఆగి, మళ్లీ స్టార్టు కాకపోవడం: పెట్రోలు లైనులో ఆవిరి చేరింది. పంపు మీద తడి గుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి. పాత టాక్సీ డ్రైవర్ల చిట్కా ఇది, ఇంతకంటే మంచిది ఇంకా రాలేదు.
- వేడెక్కాక ఇంజిన్ చచ్చిపోయి, చల్లారాక లేవడం: తప్పు ఇగ్నిషన్ కాయిలుది గాని కండెన్సర్‌ది గాని.
- ఎత్తు ఎక్కేటప్పుడు తడబాటు: పెట్రోలు ఫిల్టరు చూడండి.
- డైనమో ఉన్న కారులో రాత్రి లైట్లు మందగించడం: ఫ్యాను బెల్టు వదులు, లేదా బ్రష్షులు అరిగాయి.

10. ర్యాలీ ముందు వారం

కొత్తగా రంగు వేయించాలన్న కోరిక ఈ వారమే పుడుతుంది. ఆపుకోండి. నిర్ణేతలు చూసేది మూలరూపం, పాత కాగితాలు, ఆ కాలపు అమరికలు. అసలు రంగు అక్కడక్కడ వెలిసినా, నిగనిగలాడే తప్పు రంగు కంటే ఎక్కువ మార్కులు వస్తాయి. అల్లాయ్ చక్రాలు, ఎల్ఈడీ హెడ్‌లైట్లు, కొత్త సీటు కవర్లు తీసేయండి.

ర్యాలీ ఊరేగింపు నెమ్మదిగా సాగుతుంది. నలభై కిలోమీటర్ల ప్రయాణం కంటే ఆ నాలుగు కిలోమీటర్లే కారును ఎక్కువ వేడెక్కిస్తాయి. అందుకే ముందు రోజు ఇంటి దగ్గర ముప్పావు గంట నిలబెట్టి స్లోలో నడిపి, ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడ ఆగుతోందో చూడండి. ఎర్ర గీత వైపు జరుగుతుంటే ర్యాలీకి వెళ్లకుండా రేడియేటర్ పనివారి దగ్గరకు వెళ్లండి.

డిక్కీలో ఉండవలసినవి:

- ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, పాత ఫోటోల నకళ్లు
- ఫ్యాను బెల్టు, పాయింట్ల సెట్టు, కండెన్సర్, రోటర్, రెండు ప్లగ్గులు, ఫ్యూజులు
- హోస్ క్లిప్పులు, రాగి తీగ, ఇన్సులేషన్ టేపు
- ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, లీటరు ఇంజిన్ ఆయిల్, బ్రేకు ఆయిల్ సీసా
- తడి గుడ్డకు ఒక పాత తువ్వాలు
- మంటలార్పే డబ్బా, చక్రాల చెక్క దిమ్మెలు, లాగే తాడు

రేడియేటర్ మూతను వేడి మీద తెరవకండి, చుట్టూ చేరినవారు ఎంత తొందరపెట్టినా సరే.

ఇంటికి వచ్చాక కారును కప్పేయడానికి ప్లాస్టిక్ షీటు వాడితే లోపల తేమ నిలుస్తుంది. నూలు గుడ్డ కవరు వేయండి. బ్యాటరీ కటాఫ్ తీసి ఉంచండి. పదిహేను రోజులకొకసారి స్టార్టు చేయండి, కాని రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చేదాకా, వీలైతే వీధి చివరిదాకా వెళ్లి వచ్చేలా నడపండి. తిరిగి వచ్చాక డ్రమ్ముల మీద చేయి పెట్టి చూడటం మరచిపోవద్దు.